ఫాండ్యూలో పోసిన గ్రహం

మా వేధశాలలో ఎవరికైనా గ్రహం దొరికిందంటే సంబరపడేవాళ్ళు ఉండరు. మధ్యాహ్నం కాఫీ బల్ల చుట్టూ చేరి దాన్ని చంపడానికి చూస్తాం. పరికరం వణికిందేమో, లెక్క తప్పిందేమో అని తలో రాయీ వేస్తాం. కనిపెట్టినవాళ్ళు ఒక వైన్ సీసా కొని, దాని మీద నక్షత్రం నంబరు రాసి నేలమాళిగలో పెట్టాలి. ఇంకో దేశంవాళ్ళు కూడా ఆ గ్రహాన్ని చూశామంటేనే బిరడా తీయాలి. గ్రహం చచ్చిందా, ఆ శుక్రవారం రొట్టె ముక్కలు ముంచుకు తినే ఫాండ్యూకి చీజ్ కరిగించే గిన్నెలో సీసా మొత్తం పోసేయాల్సిందే. పరికరాలు వేడెక్కకుండా ఉంచే చలిపెట్టె చూసుకునేదాన్ని నేను. ఈ పద్ధతి పుణ్యమా అని బోలెడు ఫాండ్యూ తిన్నాను.

అన్సెల్మ్ రోషా గారి సీసా కూడా అలాగే పోయింది. పన్నెండు కాంతి సంవత్సరాల దూరంలో చిన్న ఎర్ర నక్షత్రం, దాని చుట్టూ నీళ్ళు గడ్డకట్టకుండా, మరిగిపోకుండా నిలిచేంత దూరంలో ఒక గ్రహం. జీవితమంతా వెతికితే ఆయనకు దొరికింది అదొక్కటే. గ్రహం లాగుడికి నక్షత్రం కాస్త ఊగుతుంది, ఆ ఊపును బట్టే మేం గ్రహాన్ని పట్టుకుంటాం. ఆయన దగ్గరే చదువుకున్న ఒడిల్ దాన్ని చంపింది. గ్రహం చుట్టి వచ్చే కాలం, నక్షత్రం తన చుట్టూ తాను తిరిగే కాలంలో సగమని తేల్చింది. అంటే అక్కడ గ్రహం లేదు, నక్షత్రం మీది మచ్చలే ఊపులా కనబడి మమ్మల్ని ఆటపట్టిస్తున్నాయన్నమాట. అలాంటి దొంగ గ్రహాల్ని చంపీ చంపీ అలవాటుపడిన ప్రాణాలం, ఎవరికీ అనుమానం రాలేదు. అన్సెల్మ్ గారు తన సీసా తానే తెచ్చి గిన్నెలో పోసి గరిటె తిప్పారు. వెలుగు తోసుకుపోయే తెరచాప కట్టి ఆ గ్రహానికి బుల్లి నౌకను పంపాలని ఆయన ఒక బృందాన్ని నడిపేవారు. అదీ చెదిరిపోయింది. చేరాల్సిన ఊరే లేదన్నాక బండి ఎవరు కడతారు?

పన్నెండేళ్ళు గడిచాక, కిందటి శరత్తులో కొత్త పరికరం వచ్చింది. పాత నక్షత్రాలన్నిటినీ మళ్ళీ కొలుస్తుంటే ఒడిల్‌కి ఆ గ్రహం కనిపించింది. అన్సెల్మ్ గారు అప్పటికి సరస్సు ఒడ్డున వృద్ధుల ఆశ్రమంలో ఉన్నారు. గుండె బాగా చెడింది, క్రిస్మస్ దాటితే గొప్పే అన్నారు డాక్టర్లు.

"ఒక్కదాన్నీ వెళ్ళలేనే ఇరెన్, నువ్వూ రా," అని ఒడిల్ నా కారెక్కింది. దారంతా గోళ్ళు కొరుక్కుంటూనే ఉంది.

ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి కనుబొమలు ఎగరేశారు.

"ఏంటమ్మా, ఇద్దరూ కట్టగట్టుకుని వచ్చారు? నేను పోయానని ఎవరన్నా చెప్పారా?"

"మాష్టారూ, మీ గ్రహం ఉంది," అనేసింది ఒడిల్, కోటైనా విప్పకుండా.

ఆయన కాఫీ బల్ల దగ్గర పెట్టే ఆ పాత మొహం పెట్టారు.

"మచ్చలో?"

"మచ్చలైతే ఎరుపు దాటిన పరారుణ వెలుగులో ఊపు తగ్గాలి మాష్టారూ. తగ్గలేదు. ఏ రంగులో చూసినా ఒకటే ఊపు."

"మచ్చలు మొండివి. ఏళ్ళ తరబడి కదలవు."

"ఇన్నేళ్ళ కొలతలూ కలిపి చూశాను. మచ్చలు వచ్చాయి, పోయాయి. ఇది ఒక్కసారీ తాళం తప్పలేదు."

"తిరుగుడులో సగం అన్నావుగా మరి?"

"సగానికి దగ్గర. సగం కాదు. నేనే సరిపెట్టేశాను."

"ఇరెన్ చలిపెట్టె కారిందేమో?"

"నా పెట్టె జోలికి రాకండి," అన్నాను. ఆయన నవ్వబోయి దగ్గారు.

ఇక ఆయన దగ్గర రాళ్ళు అయిపోయాయి. సరస్సు వైపు చూస్తూ, "ఉందన్నమాట," అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి. నేను మొహం తిప్పుకున్నాను.

"మీ నౌక ఈపాటికి సగం దారిలో ఉండేదేమో మాష్టారూ. నేనే చెడగొట్టాను," అంటూ ఒడిల్ ఏడ్చేసింది.

"ఎక్కడి నౌకే పిచ్చిదానా! ఇప్పుడు సూర్యుణ్ణి వదిలి పోతున్న నౌకల వేగంతో అయితే రెండు లక్షల ఏళ్ళు పట్టే దారి అది. మా తెరచాప కాయితం మీద బాగానే ఎగిరింది. దారిలో ఇంత దుమ్ము తగిలితే చిరిగి పీలికలైపోయేది. అంత ప్రయాణానికి నీ పన్నెండేళ్ళు ఒక లెక్కా?" తర్వాత గొంతు తగ్గించి అన్నారు, "గ్రహానికి లెక్క లేదులే. నాకే."

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేదని నాకు కోపం వచ్చింది. కానీ ఆయనకు అబద్ధం చేతకాదు.

"ఒకటి చూడు," అని మళ్ళీ ఆయనే అన్నారు. "మనం ఫాండ్యూ తిన్న ఆ శుక్రవారం అక్కణ్ణుంచి బయల్దేరిన వెలుగు, సరిగ్గా ఇప్పుడు మన దగ్గరికి చేరుతోంది. మనం లేదనుకున్నా అది దాని దారిన వచ్చేసింది."

ఒడిల్ సంచీలోంచి సీసా తీసింది. దాని మీద అదే నంబరు, ఈసారి ఆమె చేతిరాతతో. బిరడా తీయబోతుంటే ఆయన దాని మీద చెయ్యి పెట్టారు.

"ఇంకో దేశంవాళ్ళు చూశారా?"

"ఇంకా లేదు మాష్టారూ. నక్షత్రం సూర్యుడి చాటుకు వెళ్ళిపోయింది. వసంతానికి గానీ కనిపించదు."

"అయితే వసంతంలోనే తీద్దాం."

"ఈ ఒక్కసారికి తీయనిద్దురూ," అన్నాను నేను.

"ఈ ఒక్కసారికి అన్నవాళ్ళ గ్రహాలే ఎక్కువ చచ్చాయి ఇరెన్." సీసాను తన చేత్తోనే ఒడిల్ సంచీలో పెట్టారు.

జనవరి మంచులో ఆయన్ని సమాధి చేశాం. ఏప్రిల్‌లో ఇంకో దేశంవాళ్ళ నుంచి కబురొచ్చింది, గ్రహం ఉందని. అందరం బల్ల చుట్టూ చేరాం. ఒడిల్ బిరడా తీసింది, గ్లాసులు పేర్చింది, కానీ పోయలేకపోయింది. సీసా పట్టుకుని వంటగదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగించి, ఆనాడు అన్సెల్మ్ గారు గరిటె తిప్పిన గిన్నెనే దాని మీద పెట్టి, చీజ్ తురమడం మొదలుపెట్టింది. బతికిన గ్రహం సీసాను ఫాండ్యూలో పోయడం మా దగ్గర అదే మొదటిసారి. ఎవరూ ఆమెను ఆపలేదు.