వంతెన దిగాక కూడా కెంటకీయే

మా ఆయన డ్వేన్ ప్లేటులో గ్రేవీ మొక్కజొన్న గింజలకు తగలకూడదు. బంగాళాదుంప ముద్దను ప్లేటు మధ్యలో పెట్టి, గరిటె వెనకవైపుతో గుంట చేసి, గ్రేవీని ఆ గుంటలోనే ఆపాలి. వేయించిన కోడి కుడిపక్కన, బీన్స్ ఎడమపక్కన. మొక్కజొన్న రొట్టె విడిగా చిన్న ప్లేటులో. ఇవేవీ అతను నాకు ఎప్పుడూ నోటితో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో, పెళ్ళికి ముందు నాకు నోరెక్కువని పేరు. చెప్పకుండానే నేర్పాడు.

ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే ఇండియానా దక్షిణపు కొసన ఉన్న మా ఎవాన్స్‌విల్ నుంచి నది మీద వంతెన దాటి, కెంటకీ వైపు హెండర్సన్‌లో మా అత్తగారింటికి భోజనానికి వెళ్తాం. అక్కడ మగవాళ్ళు ముందు కూర్చుంటారు. ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నిలబడి ఎవరి మొగుడి ప్లేటు వాళ్ళు నింపి తెచ్చి పెడతారు. ఇండియానాకు ఆ చివర, ఉత్తరాన, సౌత్ బెండ్‌లో మా నాన్న తన ప్లేటు తను పట్టుకుని వరుసలో మా వెనక నిలబడేవాడు. పెళ్ళయిన మొదటి ఆదివారం మా అత్తగారు, అక్కడి మర్యాద ప్రకారం అందరికీ మిస్ వెర్నెల్, నా చేతిలో ప్లేటు పెట్టి, "మీ ఆయనకి నువ్వే పెట్టాలి తల్లీ. మగాడు తన ప్లేటు తనే నింపుకున్నాడంటే ఇంట్లో ఆడదిక్కు లేదనుకుంటారు జనం" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే తోచినట్టు వడ్డించాను. గ్రేవీ వెళ్ళి మొక్కజొన్నలో కలిసింది. డ్వేన్ ఒక్క మాట అనలేదు. శుభ్రంగా తినేసి, "చాలా బాగుందమ్మా" అని వాళ్ళమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టి, నా కోసం బండి తలుపు తీసి పట్టుకున్నాడు.

అతనికి కోపం వస్తే అరవడు. చెయ్యి ఎత్తడు. బండి నడుపుతాడు. ఆ రోజు వంతెన ఎక్కేదాకా మామూలుగానే వచ్చాడు. ఎక్కాక యాక్సిలరేటర్ తొక్కాడు. ఇనుప కమ్మీలు కలిసిపోయి ఒక్క బూడిద రంగు గోడ అయిపోయాయి. కింద ఒహాయో నది గోధుమరంగులో, నిండుగా. అతను రోడ్డును చూడడం మానేసి నన్ను చూడసాగాడు, ఏం తెలియని మనిషిలా, తాపీగా. నేను నా కాళ్ళ కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాను. ఇంటికి చేరాక బండి గీతల మధ్య నీటుగా ఆపి, "ఏంటలా అయిపోయావ్? నేనేమన్నా అన్నానా?" అన్నాడు.

అనలేదు. అదే చిక్కు. ఎవరికి చెప్పాలన్నా చెప్పడానికి దెబ్బ లేదు, తిట్టు లేదు. సౌత్ బెండ్‌లో ఉండే మా చెల్లెలు హలీనాకు ఒకసారి ఫోన్లో చెబితే, "కొంచెం మెల్లగా పొమ్మనొచ్చుగా అక్కా" అంది. నేను పనిచేసే చోట పళ్ళ డాక్టరు నా దవడ ఎక్స్‌రే చూసి, "నిద్రలో పళ్ళు నూరుతున్నావ్. మీ ఆడవాళ్ళకి ఊరికే ఆందోళన" అని నవ్వాడు. ఆ నవ్వుతోనే, ఆ రోజు పనిలోకి రానన్న ఇంకో అమ్మాయి పని కూడా సాయంత్రం దాకా నాతో చేయించాడు. మా అమ్మాయి టెస్సా పసిదిగా ఉన్నప్పుడు వెనక సీట్లో పాటలు పాడేది. వంతెన వస్తే పాట ఆపాలని అది మాటలు పూర్తిగా రాకముందే తెలుసుకుంది.

మా మామగారిని నేను చూడలేదు, మా పెళ్ళికి ముందే పోయారు. ఏటి కట్ట మీద ఆయన నడుపుతున్న బండి తిరగబడింది. పక్క సీట్లో ఉన్న మిస్ వెర్నెల్‌కు తుంటి విరిగింది. "జింక అడ్డొచ్చింది" అంటారు ఇంట్లో అందరూ, భోజనానికి ముందు ప్రార్థన చెప్పినంత అలవాటుగా. అప్పటినుంచి ఆవిడ తన పాత కారులో చర్చికి, కొట్టుకు తనే నత్తనడకన వెళ్ళొస్తుంది. కొడుకు బండి మాత్రం ఎక్కదు. ఎందుకంటే తుంటి నొప్పట, అంత ఎత్తు ట్రక్కు ఎక్కలేదట.

ఈ ఆదివారం మాతో కోల్బీ కూడా వచ్చాడు. పదహారేళ్ళ టెస్సాకు వాడు మూడు నెలలుగా స్నేహితుడు. సొంత బండి ఉంది, నడవడిక ఉంది, పెద్దవాళ్ళను చూస్తే టోపీ తీస్తాడు. తన బండిలోనే దాన్ని ఎక్కించుకుని మా వెనకే వచ్చాడు. మిస్ వెర్నెల్ వాణ్ణి చూసి కరిగిపోయింది. బల్ల దగ్గర ఆవిడ తమ్ముడు ఎర్ల్, డ్వేన్, కోల్బీ కూర్చున్నారు. మేం ముగ్గురం పొయ్యి దగ్గర ఉన్నాం.

"రేడియోలో వారమంతా ఇదే గోల" అన్నాడు ఎర్ల్. "మీ ఎవాన్స్‌విల్ మాలాగా సౌతా, లేక పైనున్న మిడ్‌వెస్టా అని. జనం ఫోన్లు చేసి మరీ కొట్టుకుంటున్నారు."

"సౌత్ ఏంటి అంకుల్! మాది ఇండియానా. మేం బాస్కెట్‌బాల్ చూస్తాం, మీరు గుర్రాల్ని చూస్తారు" అన్నాడు డ్వేన్.

"ఆ గుర్రాలు పరిగెత్తేది మీ ఒడ్డునేగా!"

అందరూ నవ్వారు. పందేల మైదానం నదికి మా వైపే ఉంది, కానీ అది కెంటకీ. ఎప్పుడో నది పక్కకు జరిగిందట, రాష్ట్రాల మధ్య గీత మాత్రం పాతచోటే ఉండిపోయిందట. వంతెన దిగి, హమ్మయ్య వచ్చేశాం అనుకున్నాక కూడా కొంత దూరం వాళ్ళ నేలే.

"మా తాత జర్మన్ పాటలు పాడతాడు సర్. మేం సౌత్ ఎట్లా అవుతాం?" అన్నాడు కోల్బీ.

"మరి మీ గడియారం ఎవరిదిరా అబ్బాయ్? మీ రాష్ట్రం దాదాపు అంతా గంట ముందు పోతుంటే, మీరు మాత్రం మాతో పాటే భోంచేస్తారు" అన్నాడు ఎర్ల్.

"ఇంతోటి దానికి రేడియో ఎందుకు? టీ చూస్తే తెలీదూ?" అంది మిస్ వెర్నెల్. "మన దగ్గర అడక్కుండానే తియ్యటి చల్ల టీ తెచ్చి పెడతారు. వాళ్ళ హోటళ్ళలో తియ్యగా కావాలా, చప్పగా కావాలా అని అడుగుతారు. అడిగారంటేనే సగం మనవాళ్ళు, సగం కాదు."

"రెనాటాని అడుగుదాం" అన్నాడు ఎర్ల్. "ఉత్తరాన్నుంచి దిగొచ్చిన పిల్ల. ఏమ్మా, ఎట్లా ఉంది నీ కంటికి?"

నేను డ్వేన్ ప్లేటులో గుంట చేస్తున్నాను. ఆలోచించకుండా అనేశాను. "ప్లేటు పట్టుకుని నిలబడి చూస్తే అచ్చం సౌత్‌లాగే ఉంటుంది ఎర్ల్ అంకుల్. కూర్చుని చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలీదు."

ఎర్ల్ బల్ల చరిచి మరీ నవ్వాడు. "పాపం, పిచ్చితల్లి" అంది మిస్ వెర్నెల్. డ్వేన్ కూడా నవ్వాడు, పళ్ళు కనిపించేటట్టు. అతని చెవి కింద దవడ దగ్గర చిన్న కండ ఒకటి కదిలింది. ఇంకా భోజనం ఉంది, తీపి ఉంది, కాఫీ ఉంది, ఆ తరవాత వంతెన ఉంది. ఎందుకన్నాను? ఇరవై ఏళ్ళుగా మూసుకున్న నోరు ఇవాళే ఎందుకు జారింది? ఆకాశం ఎలా ఉందో కిటికీలోంచి చూశాను. వాన పడితే రోడ్డు జారుతుంది.

అప్పుడే నా పక్కన టెస్సా ప్లేటు తీసుకుంది. తన కోసమనుకున్నాను.

"నీకేం పెట్టను?" అని కోల్బీని అడిగింది.

"నాకేం ఇష్టమో నీకు తెలీదా?" అన్నాడు వాడు, ముద్దుగానే.

అది కోడి పెట్టింది, దుంపలు పెట్టింది. బీన్స్ గరిటె ఎత్తి, ప్లేటు మీదకు వంచబోతూ, ఆగింది. తల తిప్పి వాడి ముఖం చూసింది. క్షణం కూడా పట్టదు ఆ చూపు. ఇంకెవరైనా అయితే గమనించరు. నాకు తెలుసు ఆ చూపు, నా కళ్ళతో నేను రోజూ చూసే చూపు అది. వాడు నవ్వుతూనే ఉన్నాడు. అది బీన్స్ వెనక్కు పోసేసింది.

నా భయం నాతోనే పోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంటి పనితో పాటు అదీ నేనే చేస్తున్నానులే, పిల్ల మీద పడకుండా నేనే మోస్తున్నానులే అనుకున్నాను.

"టెస్సా, కోల్బీ బండి ఎలా నడుపుతాడే?" అన్నాను.

"బాగానే నడుపుతాడమ్మా."

"ఎప్పుడూనా?"

"ఒక్కోసారి కొంచెం స్పీడు. అంతే."

"ఎప్పుడు?"

అది మళ్ళీ వాడి ముఖం చూసింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మిస్ వెర్నెల్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"రెనీ" అన్నాడు డ్వేన్ మెత్తగా. "నా ప్లేటు చల్లారిపోతోంది."

ప్లేటు తీసుకుని బల్ల దగ్గరకు వెళ్ళాను. ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ప్లేటు నా ముందే పెట్టుకుని, గ్రేవీ గిన్నె అందుకుని, దుంపల మీదా మొక్కజొన్న మీదా బీన్స్ మీదా అంతటా పోసుకున్నాను. ఒక ముద్ద తిన్నాను.

డ్వేన్ నాప్కిన్ మడిచి బల్ల మీద పెట్టాడు. "పద, వెళ్దాం. టెస్సా, నువ్వు కూడా మా బండిలోనే రా."

అతను నలుగురిలో పెద్దమనిషి. నలుగురూ ఉన్నంతసేపే నాకు అవకాశం.

"మిస్ వెర్నెల్, మీ కారు తాళాలు ఇస్తారా? టెస్సాని నేను తీసుకెళ్తాను."

"ఏంటిది, నవ్వులాటా?" అన్నాడు డ్వేన్. "అమ్మా, ఇవ్వకు. దానికి ఒంట్లో బాగాలేదు."

ఎర్ల్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. మిస్ వెర్నెల్ గరిటె కింద పెట్టి, కుంటుకుంటూ తలుపు పక్కన కొక్కెం దగ్గరకు వెళ్ళి, తాళాలు తీసి, తిరిగొచ్చి నా అరచేతిలో పెట్టింది. ఈ ఇంట్లో ఆవిడ ఉప్పు వెయ్యాలన్నా ముందు కొడుకు ముఖం చూస్తుంది. ఇప్పుడు చూడలేదు. నా వేళ్ళను తాళాల మీదకు మడుస్తూ, అందరికీ వినపడేటట్టే అంది.

"ఆ రోజు జింకా లేదు, ఏం లేదు."

నేను టెస్సా చెయ్యి పట్టుకుని బయటికొచ్చాను. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. పరిగెత్తితే అతను కూడా పరిగెడతాడని నడిచాను.

వంతెన మీద ఆ పాత కారును నలభై మైళ్ళు దాటనివ్వలేదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ప్రతి అయిదు క్షణాలకీ అద్దంలో అతని ఎర్ర బండి కోసం వెతుకుతున్నాను. వంతెన దిగాం. పక్కన పందేల మైదానం, ఖాళీ గ్యాలరీలు.

"దాటేశాం కదమ్మా?" అంది టెస్సా.

"ఇంకా కెంటకీయే. ఇంకొంచెం ఉంది."

ఇండియానా బోర్డు వచ్చింది, పోయింది. నాకు హాయిగా ఏమీ అనిపించలేదు. అతని ఇల్లు కూడా ఇండియానాలోనే ఉంది మరి. ఊరి మొదట్లో పడమటికి మలుపు, మా ఇంటికి వెళ్ళేది, దగ్గర పడుతోంది. ఎడమకు వెళ్ళాలంటే ఇప్పుడే సిగ్నల్ వెయ్యాలి. నేను వెయ్యలేదు. మలుపు పక్కనుంచి వెళ్ళిపోయింది. ముందున్నది ఉత్తరానికి పోయే తిన్నని రోడ్డు.

టెస్సా గభాలున తల తిప్పి నా ముఖంలోకి చూసింది. అదే చూపు, ఈసారి నా మీద.

"నా ముఖంలోకి చూడకే" అన్నాను. "రోడ్డు చూడు. హలీనా పిన్ని ఇంటికి దారి నువ్వే చెప్పాలి."