ఏ పిన్ని?

మా ఆయన కూతురు నన్ను ఏ వరసా పెట్టి పిలవదు. మా పెళ్ళయి ఏడాది దాటింది. "మంచినీళ్ళు కావాలి" అంటుంది, గోడతో చెప్పినట్టు. "స్కూలుకి టైమైంది" అంటుంది, గడియారంతో చెప్పినట్టు. పిన్నీ అని పిలవమని వాళ్ళ నాన్న బుజ్జగించాడు, బతిమాలాడు, చివరికి ఊరుకున్నాడు. నేను పైకి నవ్వుతూ లోపల ఉడికిపోయేదాన్ని.

ఈ వేసవి శిబిరానికి రావాల్సింది తండ్రీకూతుళ్ళిద్దరూ. ఆయనకు సెలవు దొరక్క ఆఖరి నిమిషంలో నన్ను తోలాడు. అడవి మధ్యలో నది, ఒడ్డున గుడారాలు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. టికెట్ల కౌంటరులో ఫ్యాను కింద కూర్చునేదాన్ని, నాకు తెడ్లూ తాళ్ళూ ఏం తెలుస్తాయి? వచ్చిన పూటే ఇంకో దెబ్బ తగిలింది. అక్కడి వంటావిడను చిన్నా పెద్దా అందరూ 'పిన్ని' అనే పిలుస్తారు. మా పిల్ల కూడా కంచం పట్టుకుని వెళ్ళి "పిన్నీ, ఇంకొంచెం" అంది. ఏడాదిగా నేను కాచుకుని కూర్చున్న మాటను గరిటెడు కూరకి ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఉదయం పిల్లలంతా లోతులేని చోట తెడ్డు వేయడం నేర్చుకుంటున్నారు. పెద్దవాళ్ళను రబ్బరు తెప్ప మీద కిందున్న ఇసుక తిన్నె దాకా తీసుకెళ్తామన్నారు. అక్కడ దిగి అడవి దారిలో నడిచి వచ్చేయాలి. నేను ఎక్కేశాను. పిల్లకు చెప్పలేదు. చెప్పినా పట్టించుకుంటుందా ఏం, అనుకున్నాను.

తడిసి ముద్దయి తిరిగొచ్చేసరికి పిల్ల కనిపించలేదు. మెడలో ఈల వేసుకుని తిరిగే శిక్షకుణ్ణి పట్టుకున్నాను.

"మా పాపేదండీ?"

"పిన్ని దగ్గరికి వెళ్తానందండీ. పంపించా."

"పిన్నిని నేనేనండీ!"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు వాళ్ళమ్మ కదండీ?"

"కాదు. అంటే, అవును. పిన్నిని."

"ఓహో, అమ్మగారి చెల్లెలా?"

"కాదండీ బాబూ! వాళ్ళ నాన్న భార్యని."

ఆయనతో పెట్టుకుంటే తెల్లారదని వంటశాలకి పరుగెత్తాను. వంటావిడ ఉల్లిపాయలు తరుగుతోంది.

"నా దగ్గరికి రాలేదే తల్లీ! పొద్దుట్నుంచీ ఇక్కడే ఏడుస్తూ కూర్చున్నా" అంది, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

పిన్నులమిద్దరం ఇక్కడే ఉన్నాం. మరి పిల్ల ఏ పిన్ని దగ్గరికి వెళ్ళినట్టు? నాకు బుర్ర పనిచేయలేదు. గుడారాలన్నీ ఒకేలా కనిపించాయి, తల దూర్చిన గుడారంలోనే మళ్ళీ దూర్చాను. నది వైపు చూడాలంటే భయమేసింది. వాళ్ళ నాన్నకేం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. నా పిల్ల, నా పిల్ల అనుకుంటూ తిరుగుతున్నాను.

నా వెనకాలే వచ్చిన శిక్షకుడు వంటావిణ్ణి చూసి నాలిక్కరుచుకున్నాడు.

"పిన్ని ఎటెళ్ళిందని అడిగిందండీ. తెప్పలో వెళ్ళిందని పిల్లలెవరో అన్నారు. ఈవిడే సరుకులకి వెళ్ళిందేమో అనుకుని, రెండో తెప్పలో కూర్చోబెట్టా. జాగ్రత్తని తెప్పాయనకి అప్పజెప్పా."

నేను అడవి దారి పట్టాను. మధ్యలో చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. రెండో తెప్పలో వెళ్ళినవాళ్ళు ఎదురొచ్చారు. ఒక్కొక్క మొహమే చూశాను, వాళ్ళలో పిల్ల లేదు.

"ఆ పాప మీ పాపేనా? రమ్మంటే రానందండీ. తెప్పాయన కాపలా ఉన్నాడు" అన్నాడొకాయన.

ఇసుక తిన్నె మీద తెప్పాయన తల పట్టుకుని కూర్చున్నాడు. "పిన్ని వస్తేగానీ కదలదంటండీ. ఏ పిన్నమ్మా అంటే చెప్పదు" అన్నాడు.

పిల్ల నన్ను చూసి లేచింది. పరుగెత్తుకొచ్చింది. వాటేసుకుంటుందని చేతులు చాచాను. నా చేతి మీద ఒక్కటి కొట్టింది.

"చెప్పకుండా ఎందుకెళ్ళావ్?"

"తిరిగొచ్చేశాగా!"

"వస్తావని నాకేం తెలుసు?"

వాళ్ళమ్మ ఆస్పత్రికి వెళ్ళింది ఈ పిల్ల బడిలో ఉన్నప్పుడట. మళ్ళీ ఇంటికి రాలేదు. మా ఆయన ఆ సంగతి ఎప్పుడో చెప్పాడు, నేను అయ్యో పాపం అని ఊరుకున్నాను. ఇప్పుడు ఏడవాలో, సంతోషించాలో, చెంపలేసుకోవాలో నాకు తోచలేదు. ఇసుకలోనే కూలబడ్డాను.

"ఇకమీదట చెప్పే వెళ్తాను" అన్నాను.

"చెప్పినా వెళ్ళొద్దు" అంది.