రాముడి పెట్టెలో రావణుడు

కంబదూరు దగ్గర ఒక తోలుబొమ్మల మేళం వాళ్ళ దేవుళ్ళ బొమ్మలన్నీ దొంగలు ఎత్తుకుపోయారని విన్న నాటి నుంచి తిమ్మక్కకు కంటి మీద కునుకు లేదు. రాక్షసుల మూటను ముట్టుకోనైనా లేదట. పట్నంలో గోడలకు తగిలించుకునేవాళ్ళకు రాముడు కావాలి గాని కుంభకర్ణుడెందుకు?

తిమ్మక్క మొగుడు కుళ్ళాయప్ప తోలుబొమ్మలు ఆడించేవాడు. వాళ్ళింట్లో తాతల నాటి ఆనవాయితీ ఒకటుంది. ఆట ముగియగానే రాముణ్ణీ రావణుణ్ణీ వేరు చెయ్యాలి. ఒకచోట ఉంచితే తెర లేకుండానే యుద్ధానికి దిగుతారని నమ్మకం. దేవుళ్ళు ఇంట్లో రేకుపెట్టెలో, రాక్షసులు వెనక మేకల కొట్టంలో, దూలానికి వేలాడే మూటలో. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. దొంగకు తెలియదా?

పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం, కరువు రోజులు, ఆటలు లేవు. కుళ్ళాయప్ప పొరుగూరు వెళ్ళిన పూట ఆమె పెట్టె మూత తీసి రెండింటినీ తారుమారు చేసింది. రాముడు మేకల కొట్టానికి వెళ్ళాడు, రావణుడు పెట్టెలోకి వచ్చాడు.

మొగుడికి చెబుదామనే అనుకుంది. నోరు పెగల్లేదు. బొమ్మల సంగతిలో అతనికి ముక్కు మీదే కోపం. రోజూ అతను స్నానం చేసి, ఆ పెట్టెకు ఊదుబత్తి వెలిగించి, రాక్షసులకు కళ్ళు మూసుకుని దండం పెడుతుంటే తిమ్మక్కకు ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అనుకుంటూనే ఉంది. ఒక్క మాట, చెప్పేస్తే పోయేది కదా.

ఒక మిట్టమధ్యాహ్నం పక్కింటి పొయ్యిలోని నిప్పు గాలికి లేచి వీళ్ళ ఇంటి కప్పుకు అంటుకుంది. దూరపు బావి నుంచి వస్తున్న తిమ్మక్క పొగ చూసి, బిందె పారేసి పరుగెత్తింది. కుళ్ళాయప్ప లోపలికి దూరడం కంటబడింది.

"పోవద్దు మామా, ఆ పెట్టెలో రాముడు లేడు" అని అరిచింది. మంటల చప్పుడులో ఆ మాట అతనికి వినబడలేదు.

కాలుతున్న రేకుపెట్టెను ఉత్త చేతులతో పట్టుకుని బయటికొచ్చాడు. మోచేత్తో మూత నెట్టాడు. పది తలలు కనిపించాయి.

"రాముడు యాడ?"

"మేకల కొట్టంలో ఉండాడు. దొంగలకు బయపడి మార్చినా. నీకు చెప్పలేకపోయినా."

అతను ఆ పది తలల వంకే చూశాడు. "ఇన్నాళ్ళూ నేను రావణునికి మొక్కినానా?" అన్నాడు. తిట్టి ఉంటే ఆమె ప్రాణం కుదుటపడేది.

గాలి అటు తిరగలేదు గనక మేకల కొట్టం దక్కింది. ఒక్క బొమ్మా కమలలేదని ఊరు మెచ్చుకుంటుంటే తిమ్మక్కకు ఏడుపొచ్చేది. అతని అరచేతులు మానాయి గాని వేళ్ళు ముడుచుకుపోయాయి. బొమ్మ పుల్ల ఇక వాటికి చిక్కదు.

తర్వాతి ఆటకు రాముణ్ణి ఆమే ఎత్తింది. అన్నేళ్ళూ సీతను ఆడించి పాడిన మనిషికి రాముడి పుల్ల కొత్త. కుళ్ళాయప్ప పక్కన కూర్చుని పద్యం అందుకున్నాడు. ఒళ్ళో ఉన్న అతని వంకర వేళ్ళు పద్యంతో పాటు కదులుతున్నాయి. అవి చూస్తూ ఆమె తెరను మరిచిపోయింది. రాముడి చెయ్యి కిందికి జారింది.

"నన్నేం చూస్తావు మే" అన్నాడు కుళ్ళాయప్ప మెల్లగా. "బాణం ఎత్తు. రావణుడు వస్తాండాడు."