పెంచల్ మోచెయ్యి

పెంచల్ బౌలింగ్ వేస్తుంటే అంపైర్‌కు చాచిన చెయ్యి దించే పని ఉండేది కాదు.

కువైట్‌లో, అబ్బాసియా వెనకాల మట్టి మైదానంలో శుక్రవారం పొద్దున కడప, రాజంపేట వైపు వాళ్ళు ఆడుకునే క్రికెట్‌లో అతనంత వేగంగా బంతి వేసేవాడు ఇంకొకడు లేడు. కానీ బంతి వదిలే ముందు అతని మోచెయ్యి వంగి, చటుక్కున తెరుచుకునేది. అది బౌలింగ్ కాదు, విసరడం. క్రికెట్‌లో విసరడం తప్పు. అందుకని ప్రతి బంతీ నో బాలే. అతను మొదలుపెట్టిన ఓవర్ ఎప్పటికీ ముగిసేది కాదు. అవతలి జట్టు ఓపెనర్ ఒకసారి బ్యాట్ పక్కన పెట్టి, క్రీజులోనే కూర్చుని టీ తాగాడు.

చివరికి కెప్టెన్ హుస్సేన్ వలి అతన్ని పక్కకు పిలిచాడు. వలిది కూడా రాజంపేటే. కువైట్‌లో మినీబస్సు నడుపుతాడు.

"పెంచలన్నా, నువ్వు ఇంగ బంతి ముట్టుకోవద్దు. వాళ్ళు బ్యాట్ ఊపకుండానే గెలుస్తాండారు."

"నేనేమన్నా కావాలని వంచుతాండానా వలీ. అది దానంతట అదే వంగుతాది."

"ప్రతి శుక్రవారం సాయంత్రం ఫిలిప్పీనోళ్ళను నా బండిలో అబూ హలీఫాకు తోలకపోతా గదా. వాళ్ళు బేస్‌బాల్ ఆడతారు. ఆ ఆటలో చెయ్యి వంచకపోతేనే తప్పు మాదిరుండాది. నువ్వు ఆడికి రా."

"ఆ ఆటలో బంతి ఇసిరేటోన్ని ఏమంటారు?"

"పిచ్చర్."

"పిచ్చోడా?"

"నీకు రెండూ సరిపోతాయిలే. రా."

అది జనవరి. కువైట్‌లో మనుషులు బయట సుఖంగా నిలబడగలిగే కాలం. మార్చిలో మొదలయ్యే పోటీల కోసం ఫిలిప్పీనో జట్టు అప్పుడే కసరత్తులు ప్రారంభించింది. కోచ్ పేరు రెనాటో. అరవైకి దగ్గర పడినవాడు, ఒక కంపెనీలో స్టోర్ చూసుకుంటాడు. వయసులో ఉన్నప్పుడు మనీలాలో పేరున్న పిచర్. అతను పెంచల్ చేతిలో బంతి పెట్టి, దూరంగా గ్లవ్ తొడుక్కుని గొంతుక్కూర్చున్న క్యాచర్‌ను చూపించాడు. నేల మీద పడకుండా నేరుగా ఆ గ్లవ్‌లోకి విసరాలి, అంతే.

పెంచల్ విసిరాడు. గ్లవ్ ఫట్‌మని మోగింది. వెంటనే అతను అలవాటుకొద్దీ పక్కకు తిరిగి చూశాడు. చెయ్యి చాచిన అంపైర్ ఎవరూ లేరు. క్యాచర్ గ్లవ్ విప్పి, అరచెయ్యి విదిలించుకుంటూ నవ్వుతున్నాడు.

"మళ్ళీ," అన్నాడు రెనాటో.

ఇన్నేళ్ళలో తను విసిరిన బంతిని మళ్ళీ విసరమని అడిగినవాళ్ళు లేరు. పెంచల్ బంతి కోసం చెయ్యి చాచాడు. మళ్ళీ విసిరాడు. ఆపకుండా విసురుతూనే ఉన్నాడు. రెనాటో ప్రతి బంతికీ తల ఊపుతున్నాడు. ఇంకో అరగంటైనా అలాగే సాగేదేమో గానీ, వెనక నుంచి తెలుగులో ఒక గొంతు వినిపించింది.

"చాలండి. బంతి ఇలా ఇచ్చేయండి."

ఆవిడ పేరు వెంకటదుర్గ. ఊరు అమలాపురం. అబూ హలీఫాలో ఒక క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టు. కిందటేడు ఈ జట్టు పిచర్లు ఒకరి తర్వాత ఒకరు నొప్పి చెయ్యి పట్టుకుని ఆవిడ దగ్గరకే వచ్చారు. ఈసారి ముందే వచ్చి చూసుకోమని ఆటగాళ్ళంతా బతిమాలితే ఒప్పుకుంది. చేతుల సంగతిలో తన మాటే ఆఖరి మాట అని ఆవిడ షరతు పెట్టింది. రెనాటో వినకుండానే సరేనన్నాడు.

"ఇప్పుడే గదక్కా మొదులుపెట్టింది," అన్నాడు పెంచల్.

"మొదలెట్టారు కాబట్టే ఆపమంటన్నానండి. కొత్త చెయ్యి. మెల్లగా పెంచుకుంటా వెళ్ళాలి."

బంతి తీసుకుని అతని చేతికి ఒక రబ్బరు పట్టీ ఇచ్చింది. దాని రెండో కొస కంచెకు కట్టి ఉంది. దాన్ని మెల్లగా లాగాలి, ఇంకా మెల్లగా వదలాలి. తర్వాత పరుగు. ఆ తర్వాత గుంజీల్లాంటివి.

"ఇసిరేది చెయ్యి గదక్కా. కాళ్ళకు ఏంటికి శిక్ష?"

"చెయ్యి విసరదండి బాబూ. కాళ్ళూ నడుమూ విసురుతాయి. చెయ్యి ఆఖర్లో వచ్చి పేరు కొట్టేస్తది. కాళ్ళు బద్ధకిస్తే ఆ బరువంతా మోచెయ్యి మోయాలి. అది చిన్న కీలు, ఎంతని మోస్తది?"

విసిరిన మర్నాడు పూర్తిగా విశ్రాంతి అనీ, నొప్పి వస్తే దాచకూడదనీ చెప్పింది. పెంచల్ బుద్ధిగా తల ఊపాడు. రెనాటో మాత్రం ఆవిడ అటు వెళ్ళగానే అతని చెవిలో, చెయ్యి ఇనుములాంటిది, కొడితేనే గట్టిపడుతుందని చెప్పాడు. పెంచల్‌కు రెండో మాటే నచ్చింది.

అతను సబా అల్ సలేంలో ఒక ఇంట్లో డ్రైవరు. సాయంత్రాలు పెద్దగా పని ఉండదు. ఆ ఇంట్లో అతిథులు కూర్చునే దివానియాలో ఒక పాత పరుపు ఉంటే, దాన్ని వెనక గోడకు ఆనించి, మధ్యలో సుద్దముక్కతో గుండ్రంగా గీత గీసుకున్నాడు. రోజూ చీకటిపడే దాకా దాని మీద బంతులు విసిరేవాడు. ఒకరోజు ఆ చప్పుడు విని ఇంటి యజమానురాలు వెనక్కి వచ్చింది; అక్కడ పనివాళ్ళు ఆవిడను మామా అంటారు.

"పెంచల్, ఆ పరుపుని ఎందుకు కొడుతున్నావు?"

పెంచల్ బంతిని జేబులో వేసుకున్నాడు. "దుమ్ము పోవాలని, మామా."

మామా పరుపు వైపు చూసింది, అతని వైపు చూసింది. ఒకరు చెప్పకుండానే పని చేసే డ్రైవరు ఆవిడకు ఇంతవరకు దొరకలేదు. మర్నాడు పొద్దుటికి వెనక పెరట్లో ఇంట్లోని తివాచీలన్నీ గోడ పొడుగునా వేలాడుతున్నాయి. పక్కనే పొడుగాటి బెత్తం. పెంచల్ కుడిచేత్తో దులిపాడు. అవి అయ్యేసరికి మామా చెల్లెలు తన ఇంటి తివాచీలు పంపింది. సాయంత్రం మళ్ళీ పరుపు, మళ్ళీ బంతులు.

ఫిబ్రవరి చివరికి మోచెయ్యి లోపలి వైపు సన్నగా సలుపు మొదలైంది. గేరు మార్చేటప్పుడు తెలిసేది. ఎవరితోనూ చెప్పలేదు. చెబితే బంతి లాక్కుంటారని భయం. విసిరే ఆట దొరికిందే ఇప్పుడు, అది కూడా పోతే మళ్ళీ అబ్బాసియాలో స్కోరు రాసుకుంటూ కూర్చోవాలి.

మొదటి మ్యాచ్‌కు వారం ముందు కసరత్తు అయ్యాక దుర్గ అందరికీ పులిహోర తెచ్చింది. ఫిలిప్పీనోలు స్పూన్లతో తింటున్నారు. పెంచల్ కూడా స్పూనే తీసుకున్నాడు, అదీ ఎడమచేత్తో. రెండు ముద్దలు నోట్లోకి, మూడోది చొక్కా మీదకు. దుర్గ కాసేపు చూసి, వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"పులిహోర ఎడంచేత్తో తినే తెలుగాయన్ని ఇప్పుడే చూత్తన్నానండి. ఎన్నాళ్ళనుంచి?"

"ఏందక్కా?"

"నొప్పి."

పెంచల్ స్పూను కింద పెట్టాడు. ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని ఒక చోట వేలితో నొక్కింది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు పరుపు సంగతి, తివాచీల సంగతి, మామా చెల్లెలి తివాచీల సంగతి అన్నీ బయటపడ్డాయి. దుర్గ నవ్వు ఆపుకోలేక కాసేపు అటు తిరిగి కూర్చుంది. తిరిగినప్పుడు మాత్రం ముఖంలో నవ్వు లేదు.

"నేను చెప్పేదాకా బంతి లేదండి. మొదటి మ్యాచ్ లేదు, రెండోదీ లేదు."

రెనాటో గబగబా వచ్చాడు. సంచిలోంచి ఘాటు వాసన వేసే తైలం సీసా తీసి, ఇది రాస్తే రేపటికి తగ్గుతుందన్నాడు. తమ కాలంలో నొప్పి లేని పిచర్ ఎవడూ లేడన్నాడు. దుర్గ వాదించలేదు. బంతి తీసి అతని చేతిలో పెట్టింది.

"సరే కోచ్. నొప్పితో ఎలా విసరాలో అతనికి మీరే ఒకసారి చూపించండి," అంది ఇంగ్లీషులో.

జట్టంతా చూస్తోంది. రెనాటో నవ్వుతూ నిలబడి, కాలు లేపి, చెయ్యి వెనక్కి తీశాడు. చెయ్యి భుజం ఎత్తు దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది. బంతి కాస్త దూరంలో పడి దొర్లుకుంటూ వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. అతను వెళ్ళి ఆ బంతి ఏరుకొచ్చాడు.

"పెళ్ళి కాకముందే ఆట మానేశాను," అన్నాడు చివరికి. "మానేశాననే అందరికీ చెబుతుంటాను. నిజానికి చెయ్యే నన్ను మానేసింది."

తైలం సీసా మూత బిగించి సంచిలో వేసుకున్నాడు.

ఆ రాత్రి పెంచల్ మామాకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. తిడుతుందనుకున్నాడు.

"తివాచీలు శుభ్రం చెయ్యడానికి ఇంట్లో మెషిన్ ఉంది కదా," అంది మామా. "నీకు దులపడమంటే ఇష్టమేమో అనుకున్నాను."

మార్చి అంతా పెంచల్ బెంచీ మీదే గడిపాడు. ముందు కొన్ని వారాలు ఉత్త విశ్రాంతి. తర్వాత రబ్బరు పట్టీ, పరుగు, తిట్టుకుంటూ గుంజీలు. దుర్గ ఒకరోజు దగ్గర్నుంచి మెత్తగా విసరమంది. వారానికి కాస్త దూరం పెంచింది. రెనాటో ఇప్పుడు ఆవిడ పక్కనే నిలబడి, ఆవిడకంటే ముందే "చాలు" అనేవాడు. ఇద్దరూ కలిసి తనను బతకనివ్వడం లేదని పెంచల్ వలితో మొరపెట్టుకున్నాడు.

ఏప్రిల్ చివర్లో, వేడిగాలి మొదలయ్యాక, అతనికి మ్యాచ్ ఇచ్చారు. అవతలిది గట్టి జట్టు. పెంచల్ కాలు లేపి, నడుం తిప్పి విసిరాడు. బ్యాట్ గాలిని కొట్టింది. తర్వాతవాడిదీ అంతే. తనకు బలమెక్కడి నుంచి వస్తోందో అతనికి ఇప్పుడు తెలుస్తోంది. తొడల్లో మొదలై, నడుం మీదుగా పాకి, వేళ్ళ చివర్ల నుంచి జారిపోతోంది. కంచె అవతల వలి చొక్కా విప్పి ఊపుతున్నాడు.

ఆట మూడోవంతు గడిచిందో లేదో, బెంచీ దగ్గర దుర్గ చెయ్యెత్తింది. రెనాటో మెల్లగా మైదానం మధ్యకు నడిచి వచ్చాడు.

"ఖలాస్," అన్నాడు.

"నొప్పి లేదు కోచ్. దేవునిమీద ఒట్టు."

"తెలుసు. లేదు కాబట్టే వచ్చాను."

పెంచల్ బంతి వైపు చూశాడు. వేళ్ళు దాన్ని వదలనంటున్నాయి. ఇంకో రెండు విసిరితే ఆ ఇన్నింగ్స్ ముగిసేది. మైదానమంతా ఎదురు చూస్తోంది. అతను నిట్టూర్చి, బంతిని రెనాటో అరచేతిలో పెట్టి బెంచీ వైపు నడిచాడు.

అతని తర్వాత వచ్చిన పిచర్ బాగానే విసిరాడు గానీ, జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. సామాన్లు సర్దుకుంటున్నప్పుడు రెనాటో దుర్గ దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, సోమవారం క్లినిక్‌లో ఖాళీ ఉంటుందా అని అడిగాడు. ఎవరికని ఆవిడ అడగలేదు. ఆఫీసు అయ్యాక రమ్మంది.

మినీబస్సు కదలగానే వలి గొణగడం మొదలుపెట్టాడు.

"నిన్ను తియ్యకుండా ఉంటే గెలిచేటోళ్ళం. ఏమి కోచో ఏమో. నీకు కోపం రాలేదా అన్నా?"

"వచ్చింది."

"మరి?"

"వచ్చే శుక్రవారం మళ్ళా మ్యాచుండాది వలీ," అన్నాడు పెంచల్. సీటు వెనక్కి వాల్చుకుని, బస్సు ఫహహీల్ రోడ్డు ఎక్కేలోపే నిద్రపోయాడు.