స్తంభం కింద బువ్వ

ఓదెలు బెల్లంపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేశాడు. బోలుగా మోగితే కూలుతుందని, గని పైకప్పును కట్టెతో కొట్టి చప్పుడు వినకుండా ఏనాడూ దాని కింద కూర్చోలేదు. రిటైరైనా ఆ అలవాటు పోలేదు.

తన ఇంటి వరండా పక్క వేపచెట్టును వేర్లతో సహా తీయించాక వరండా స్తంభం పునాది కింద బొరియలు మిగిలాయి. మేస్త్రి శంకర్ వాటి నోళ్లకు సిమెంటు మెత్తి చేతులు కడుక్కున్నాడు. ఓదెలు గడ్డపారతో పునాదిని కొట్టి చూశాడు. ఖాళీ కుండలా మోగింది.

"లోపటంత బోలే ఉన్నది. సిమెంటు, ఇసుక పల్చగ కలిపి నిండా పొయ్యాలె."

"ఇది బాయి కాదు కాకా! ఏం గాదు."

"అయితే గా స్తంభానికి ఆనుకొని కూసోని బువ్వ తిను."

శంకర్ టిఫిన్ డబ్బా పట్టుకుని స్తంభం దాకా పోయాడు. పైన స్లాబు వంక ఒకసారి చూశాడు. మూత తీయకుండానే తిరిగొచ్చి, "ఇసుక ఎక్కడున్నది కాకా?" అన్నాడు.