గేటుకి అడ్డంగా వెదురుబొంగు

నెలలు నిండిన రాజకుమారిని సరిహద్దు గేటు దగ్గర ఎండలో నిలబెట్టేశారు. అత్తిల్లు ఒరిస్సాలో, పుట్టిల్లు ఇవతల డుంబ్రిగుడ మండలంలో. పురిటికి అరకు ఆసుపత్రికి వస్తోంది. పొద్దుటి నుంచీ ఉమ్మనీరు పోతోంది. అవతల కూతురు, ఇవతల తల్లి సోములమ్మ, మధ్యన ఇనప గొట్టం.

"గుర్తింపు కార్డు లేకపోతే వలస కూలీవే. వెనక్కి పో," అన్నాడు గార్డు వరహాలు.

రెండువేల మూడులో పోలీసుశాఖ బాగుపడింది. ప్రజలతో స్నేహంగా మెలగాలట. అందుకని వలసల్ని ఆపే వంకతో జనాన్ని తన్నే పని ఒక సెక్యూరిటీ కంపెనీకి అప్పగించి, స్టేషన్ గోడలకి సున్నం కొట్టించి, గుమ్మానికి 'స్వాగతం' బోర్డు తగిలించుకున్నారు.

ఊరిపెద్ద యర్రయ్య రెండుసార్లు అర్జీ పట్టుకెళ్లాడు. సీఐ కుర్చీ వేయించి, టీ తాగించి, గేటు కంపెనీదన్నాడు. కంపెనీ సూపర్‌వైజర్ నిలబెట్టే మాట్లాడి, ఆర్డరు పోలీసులదన్నాడు.

ఆ వారమంతా ఇటుకల పండగ, కొండ ఊళ్ల వేట పండగ. మగవాళ్లు వేటకి పోయారు. ఆ పండగలో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని, పాటలు పాడుతూ ప్రతి బండినీ ఆపుతారు. ఎంతటివాడైనా చిల్లర ఇచ్చి కదలాల్సిందే.

గేటు తనిఖీకి సీఐ, సూపర్‌వైజర్ ఒకే జీపులో దిగారు. జీపు వెనకాల ముప్పైమంది ఆడవాళ్లు బొంగు అడ్డం పెట్టేశారు. సీఐ మురిసిపోయి నోటు తీశాడు. సోములమ్మ ముట్టలేదు.

"గేటు ఎవులిది బాబూ? ఇద్దరూ ఒక్కకాడ దొరికినారు. ఒకలి మొకం ఒకలు సూసి సెప్పండి."

సీఐ సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ సీఐ వైపు చూశాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

"ఎవులిదీ కాదంట. ఎత్తండే," అంది సోములమ్మ.

వరహాలు లాఠీ ఎత్తాడు. గుంపులోంచి అప్పలనర్సమ్మ వచ్చి దాని రెండో కొస పట్టుకుంది.

"ఏటి గుంటడా, మీయమ్మ నిన్ను కార్డు సూపించి కన్నాదేటి?"

వాడి పట్టు సడలింది. గొట్టం లేచింది. రాజకుమారిని డోలీలో వేసుకుని, సగంమంది ఆడవాళ్లు భుజాలు మార్చుకుంటూ అరకు దారి పట్టారు. సోములమ్మా మిగతావాళ్లూ జీపు కదలకుండా బొంగు పట్టుకుని ఉండిపోయారు.

స్నేహం అక్కడితో సరి. సీఐ అరగంటసేపు వైర్‌లెస్‌లో పైవాళ్లని బతిమాలి, అనుమతి దొరకగానే సోములమ్మని జుట్టు పట్టి జీపులోకి తోశాడు. జీపు బొంగు విరగ్గొట్టుకుని దూకింది.

అర కిలోమీటరు పోయి ఆగిపోయింది. డోలీ మోసినవాళ్లు దారిపొడుగునా కబురు చెబుతూ పోయారు. పక్క ఊరి ఆడవాళ్లు బొంగు పట్టుకుని నిలబడ్డారు. పాట లేదు, నవ్వు లేదు. వాళ్ల వెనక మలుపులో ఇంకో ఊరి బొంగు.

వెనక్కి తిప్పమన్నాడు సీఐ. గేటు దగ్గరి ఆడవాళ్లు వచ్చి వెనకా దారి మూసేశారు.

"ఎన్నాళ్లే మీ పండగ?" అని అడిగాడు, చెమట తుడుచుకుంటూ.

"నిన్నటిదాకా వారమే," అంది సోములమ్మ, జుట్టు ముడేసుకుంటూ. "ఇప్పుడు గేటు పీకినదాకా."