సందు మూసిన చేతులు

కళ్లజోళ్ల షాపాయన వీధుల సమాఖ్య బోర్డులోకి ఎన్నికై నిండా రెండు నెలలు కాలేదు గానీ, నడక అప్పుడే మారిపోయింది. ఇదివరకు షాపు షట్టరు ఎత్తేటప్పుడు తప్ప తలెత్తి చూడని మనిషి, ఇప్పుడు వీధి దీపాలు వెలుగుతున్నాయా లేదా అని ఆగి మరీ చూస్తున్నాడు. చెత్తబండి ఆలస్యమైతే గడియారం చూసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. చుట్టుపక్కల వీధుల సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సమాఖ్య అది. జీతం లేదు, భత్యం లేదు. లైబ్రరీ వెనక గదిలో ఒక కుర్చీ, మీటింగు రోజున ఒక కప్పు టీ, అంతే. ఆ కుర్చీకే మనవాడు మురిసి ముక్కలయ్యాడు.

అతనికంటే ఎక్కువ మురిసింది అతని అక్క. సందు చివర కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేసి ఇస్తుందామె. పొడుగైతే తగ్గిస్తుంది, బిగువైతే వదులు చేస్తుంది, జిప్పు పోతే మారుస్తుంది. "మా తమ్ముడు బోర్డులో ఉన్నాడు" అని బట్టలిచ్చే ప్రతివాళ్లకీ చెప్పింది. పళ్ల మధ్య గుండుసూదులున్నా ఆ మాట మాత్రం స్పష్టంగా వచ్చేది.

ఆ సందుకే ముప్పొచ్చింది. బస్‌స్టాపు నుంచి వెనక వీధికి అది అడ్డదారి. పగలంతా నడిచేవాళ్లు, సాయంత్రమైతే బైకుల మీద కుర్రకారు. సందు మొదట్లో ఉన్న ఇళ్లవాళ్లకు చెవులు చిల్లులు పడుతున్నాయి. అడ్డంగా ఇనపగేటు పెట్టి తాళం వేసేయమని వాళ్లు సమాఖ్యకు మొరపెట్టుకున్నారు. గేటు పడితే బస్సు దిగినవాళ్లు పెద్దరోడ్డంతా చుట్టి రావాలి. చిరిగిన జేబు కుట్టించుకోవడానికి అంత దూరం ఎవరు నడుస్తారు? అక్క దుకాణం కట్టేసుకోవాల్సిందే.

"ఒరేయ్, నువ్వు అక్కడున్నావు కాబట్టే నాకు నిద్రపడుతోందిరా," అంది అక్క. "ఒక్క మాట గట్టిగా చెప్పు, చాలు."

"నేను చూసుకుంటాలే అక్కా," అన్నాడు తమ్ముడు, బోర్డు మెంబరు గొంతుతో.

నిజానికి అతను చెయ్యాల్సింది అంత కూడా కాదు. సమాఖ్య అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాడు. "చూడు బాబూ, మన ఇంటివాళ్ల సంగతి బోర్డు ముందుకొస్తే, ఇది మావాళ్లదండీ అని ముందే చెప్పాలి. చెప్పాల్సింది చెప్పి, ఓటు దగ్గర పక్కకు తప్పుకోవాలి. ఇంకోటి, గదిలో మాట గది దాటకూడదు." మనవాడు బుద్ధిగా తలూపాడు. తలూపడానికేం, ఖర్చా?

గేటు సంగతి వచ్చిన రోజున అతను మాట సిద్ధం చేసుకునే వెళ్లాడు. షేవింగు చేసుకుంటూ అద్దం ముందు అని చూసుకున్నాడు కూడా. కానీ దానికి ముందే హెడ్మాస్టరు, "మన కళ్లజోళ్లాయన వచ్చాక బోర్డుకే చూపొచ్చిందయ్యా," అన్నాడు. అందరూ నవ్వారు. వీధి దీపాల కమిటీకి ఆయన్నే పెద్దగా పెడదామన్నారు. మనవాడు గాల్లో తేలిపోయాడు. ఆ వెంటనే గేటు మాటొచ్చింది. ఇప్పుడు 'మా అక్కండీ' అంటే, ఓహో ఇందుకా బోర్డులో చేరింది అనుకోరూ? ఆ ఆలోచనలో ఉండగానే చుట్టూ చేతులు లేచాయి. అతని చెయ్యీ లేచింది. ఎవరూ పట్టుకుని లేపలేదు. సగం సగం కూడా కాదు, మోచెయ్యి చాచి మరీ ఎత్తాడు.

"ఏమైందిరా?" అని ఆ సాయంత్రం అక్క అడిగింది. ఆమె మొహం చూడలేక నోటికొచ్చింది అనేశాడు. "నేనొక్కణ్ణే వద్దన్నానక్కా. మిగతావాళ్లంతా ఒక్కటైపోయారు."

అక్క కళ్లు తుడుచుకుంది. "పోనీలేరా. అంతమందికి ఎదురు నిలబడ్డావు. అమ్మ ఉంటే ఎంత పొంగిపోయేదో," అంటూ కంచంలో ఇంకాస్త వడ్డించింది. వడ్డించిందంతా తిన్నాడు, అదింకా సిగ్గుచేటు.

తర్వాతి మీటింగుకు వీధులవాళ్లందరూ రావచ్చు. అప్పటికి సందు మొదట్లో ఇనప స్తంభాలు పాతేశారు, గేటు రావడమే తరువాయి. "నువ్వెందుకక్కా, నేనున్నాగా," అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అయినా వచ్చింది. మొదటి వరసలో, సరిగ్గా అతనికి ఎదురుగా కూర్చుంది.

"నాకు మాట్లాడ్డం రాదండీ," అని మొదలుపెట్టి, చాలా బాగా మాట్లాడింది. బైకులు రాకుండా కావాలంటే మనిషి పట్టేంత ఎడం ఉంచి స్తంభాలు పెట్టుకోండి, నడిచేవాళ్లను ఆపకండి అంది. అక్కడితో ఆగితే బాగుండేది. "మీ అందరిలో న్యాయం ఆలోచించింది మా తమ్ముడొక్కడే. మీరంతా చేతులెత్తితే వాడొక్కడే కాదన్నాడు. నాకు తమ్ముడని చెప్పడం కాదు, వాడి బుద్ధే అంత."

బోర్డు వాళ్లందరికీ ఒక్కసారిగా బల్లమీద చూడాల్సింది ఏదో కనిపించింది. హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇది అబద్ధమని ఒక్కరూ అనలేదు. గదిలో మాట గది దాటకూడదు కదా. ఆ మర్యాదకే మనవాడి తల కొట్టేసినట్టయింది. ఎవరైనా లేచి నాలుగు చివాట్లు పెట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"అమ్మా, నువ్వన్నది బాగానే ఉంది," అన్నాడు హెడ్మాస్టరు మెల్లిగా. "కానీ అయిపోయిన తీర్మానాన్ని తిరగదోడడానికి మాకో పద్ధతుంది. వద్దన్నవాళ్లు అడిగితే కుదరదు, వాళ్లు రోజూ అడుగుతారు. ఔనని చెయ్యెత్తినవాళ్లలోనే ఎవరో ఒకరు లేచి, నేను పొరపాటు చేశాను, మళ్లీ చూద్దాం అనాలి. గేటు రాకముందే, అంటే ఇవాళే అనాలి."

"అయితే మావాడు అడగడానికి లేదన్నమాట," అంది అక్క ఉసూరుమంటూ.

"ఎవరైనా ఉన్నారా?" అన్నాడు హెడ్మాస్టరు. అందరి వైపూ చూశాడు గానీ అతని వైపు మాత్రం చూడలేదు. మళ్లీ అడిగాడు. లేస్తే అక్క దుకాణం నిలుస్తుంది. లేస్తే అక్క దగ్గర తను మిగలడు. అక్క బతుకుతెరువుకీ, తన పరువుకీ మధ్య ఎంచుకోమంటే, పరువునే పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి బోర్డులో ఉన్న మందుల షాపావిడ లేచింది. "నేను ఎత్తానండీ. ఆవిడ సంగతి ఆలోచించలేదు. తప్పే. మళ్లీ చూద్దాం."

అక్క ఆమె మీద విరుచుకుపడింది. "మీరా! మీ తెల్లకోటు చేతులు పొట్టి చేసిచ్చింది నేను కాదూ? ఆ చేతులతోనే నా పొట్ట కొట్టారా? మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి. ఒక్కడైనా మనిషిలా నిలబడ్డాడు!"

"నిజమేనండీ," అంది మందుల షాపావిడ. అంతే అంది. ఒక్కసారి అతని వైపు చూసి చూపు తిప్పేసుకుంది. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది.

"అక్కా, ఆవిణ్ణేమీ అనకు." అతను ఎప్పుడు లేచాడో అతనికే తెలియలేదు. "నేనూ ఎత్తాను."

"ఏమిటీ?"

"వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. అందరం ఎత్తాం. నేనూ ఎత్తాను."

అక్క అరుస్తుందనుకున్నాడు, అరవమని మనసులో వేడుకున్నాడు. ఆమె మందుల షాపావిడ దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకుంది. "ఏమీ అనుకోకమ్మా. ఎవరు ఎలాంటివాళ్లో తెలియక నోరు జారాను."

హెడ్మాస్టరు ఓటు పెట్టాడు. గేటు వద్దు, స్తంభాలు చాలు అన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. మనవాడు అందరికంటే ముందు ఎత్తాడు.

"నువ్వు దించు బాబూ," అన్నాడు హెడ్మాస్టరు. "మీ అక్క సంగతి కదా."

దించాడు. అతని అవసరం లేకుండానే సందు దక్కింది. జనం లేచి వెళ్తుంటే, కుర్చీలు తప్పించుకుంటూ వెళ్లి గుమ్మం దగ్గర అక్కను అందుకున్నాడు. "అక్కా, సందు దక్కింది కదే..."

"దక్కిందండీ," అంది అక్క, పక్కకు ఒదిగి అతనికి దారిస్తూ. "బోర్డు వాళ్లు కదా, ముందు మీరు వెళ్లండి."